పన్నెండు గడపలు

మిట్టమధ్యాహ్నం ఈరేశ్ ఫోను మోగింది. పెద్ద మోతేం కాదు, పిట్ట రెండుసార్లు కూసి ఊరుకున్నట్టు మోగింది. వసారాలో కూర్చుని తాడు పేనుతున్న చిన్నరంగప్ప చేతులు ఉన్నవి ఉన్నట్టే ఆగిపోయాయి. లోపల పొయ్యి దగ్గర హొన్నమ్మ గరిటె చప్పుడూ ఆగింది. ఫోను గలవాడు పోయి రెండేళ్లు దాటింది. ఆ కూత మాత్రం వాడు పెట్టుకున్నదే, ఎవరూ మార్చలేదు.

"ఓటీపీ వచ్చింటాది, చూడమ్మా," అంది కూతురు ధనుశ్రీ, తన ఫోను మీంచి తలెత్తకుండా.

హొన్నమ్మ చేతులు తుడుచుకుని, దీపం పెట్టే గూట్లోంచి కొడుకు ఫోను తీసింది. ఆమెకు చదువు రాదు గానీ అంకెలు వస్తాయి. ఒక్కొక్క అంకె పైకి చదివింది, ధనుశ్రీ తన ఫోనులో కొట్టుకుంది. తర్వాత హొన్నమ్మ ఆ ఫోనును కొంగుతో తుడిచి, గూట్లో పెట్టి, చార్జరు తగిలించి, దినమూ అనే మాటే అంది.

"ఎంత పొగరు నాయనా నీకు! ఊళ్లో పిల్లోళ్లంతా పదీ పన్నెండు కాలేజీలు రాసుకుంటే నువ్వు ఒక్కటే రాసుకుంటివి. ఇంగొకటి రాసుంటే నీ సొమ్మేం పోయుండును?"

తిట్టు అనుకుంటే తిట్టు, ముద్దు అనుకుంటే ముద్దు. పోయిన కొడుకుతో మాట్లాడటానికి ఆ తల్లికి మిగిలింది అదొక్కటే. చిన్నరంగప్పకు మాత్రం ఆ మాట విన్న ప్రతిసారీ ముల్లు దిగినట్టుంటుంది. రెండేళ్లుగా దిగుతోంది. ఒక్కనాడు కూడా ఆయన 'ఆపు' అనలేదు. ఎందుకు అనలేదో ఆయనకు తెలుసు, ఆ గూట్లో ఉన్న ఫోనుకు తెలుసు.

ఇంట తెలుగు, బడిలో కన్నడం నడిచే రాయచెర్లులో ఆ ఇంటి నంబరంటే ఈరేశ్ నంబరే. ఆధార్‌కు అదే, బ్యాంకుకు అదే, సోలారు పార్కుకు భూమి గుత్తకు ఇచ్చిన కాగితాల్లోనూ అదే. ధనుశ్రీకి సొంత ఫోను వచ్చింది మొన్నమొన్న, పరీక్షలయ్యాక. అంతకు ముందే ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష సీఈటీకి అర్జీ పెట్టేటప్పుడు అలవాటు కొద్దీ అన్న నంబరు రాసేశారు. ఆ పైన మార్పిస్తానని పిల్ల ఒకసారి మాటెత్తితే హొన్నమ్మ రెండు పూటలు అన్నం ముట్టలేదు. అప్పటి నుంచి ఆ ఊసు లేదు. నెలనెలా చిన్నరంగప్పే పావగడ పోయి దానికి రీచార్జి చేయించుకొస్తాడు. ఆ ఇంటికి వచ్చే కబురు ఏదైనా ముందు పోయినవాడి దగ్గరికి వచ్చి, ఆ తర్వాతే ఉన్నవాళ్లకు చేరుతుంది.

ఆ రోజు సాయంత్రం అయిదింటికి ఆప్షన్ ఎంట్రీ మూసేస్తారు. ఇంజినీరింగ్ సీటు కావాలనుకున్న పిల్లలు కాలేజీల పేర్లు వరసగా రాసుకోవాలి. వరసలో పై నుంచి చూసుకుంటూ వచ్చి, ర్యాంకుకు ఏది అందితే అది ఇస్తారు. పావగడలో ఫిజిక్సు చెప్పే శ్రీనివాస సారు ధనుశ్రీకి ఒక కాగితం రాసిచ్చాడు. పన్నెండు పేర్లు, మూడు గుంపులు. పైన మూడు ఆశపడేవి. నడుమ అయిదు ఆమె ర్యాంకుకు సరిపోయేవి. అడుగున నాలుగు, ఎట్లా చూసినా వచ్చి తీరేవి. "పైవి రాయకపోతే రేపు నువ్వే ఏడుస్తావు. కిందివి రాయకపోతే మీ అమ్మ ఏడుస్తాది," అని చెప్పి మరీ పంపాడు.

ఆ కాగితం ఇప్పుడు ధనుశ్రీ మోకాలి కింద నలుగుతోంది. చిన్నరంగప్ప దాన్ని చూశాడు. అక్షరాలు రాకపోయినా వరసలు లెక్కపెట్టడం వచ్చు.

"పన్నెండూ రాసినావా పాపా?"

"ల్యా నాయనా. ఒకటి రాసినా."

"మిగిలినవి?"

"మిగిలినవి రాయను. బెంగళూరు రాతి కాలేజీ ఒక్కటే."

బెంగళూరులో పాతకాలపు రాతి కట్టడంలో నడిచే సర్కారు కాలేజీ అది. ఈరేశ్ అట్లా పిలిచేవాడు కాబట్టి ఇంట్లో అందరికీ రాతి కాలేజీ అయింది. చిన్నరంగప్ప చేతిలో తాడు జారిపోయింది.

"సారు అంత కష్టపడి రాసిచ్చినాడు కదమ్మా."

"సారు రాస్తాడు, ఆయనదేం పోతాది. అన్న ఒక్కటే రాసినాడు. నేనూ ఒక్కటే రాస్తా. అన్న పోవాల్సిన కాలేజీ అది. ఆడికి పోతే అన్న పోయినట్టే. రాకుంటే నాకు ఏదీ వద్దు."

"రాకుంటే ఎట్లమ్మా? నీ ర్యాంకుకు అది అందదని సారు నాతో చెప్పినాడు, పోయిన సోమారం."

"అన్న భయపడినాడా?" అంది ధనుశ్రీ. తనకు పదిహేనేళ్లప్పుడు అన్న నోటితో విన్న మాట మనసులో పెట్టుకుని అడిగింది. సీటు రాలేదని తెలిసిన రోజు ఈరేశ్ ఇదే నడవలో నిలబడి, "నేనే ఒక్కటి రాసినానమ్మా, నాకు అదే కావాలనిపించినాది," అన్నాడు. ఊరు దాన్ని పొగరు అంది. చెల్లెలు ధైర్యం అనుకుంది. మూడేళ్లు ఆ ధైర్యాన్ని దాచుకుని, ఇప్పుడు తన వంతు వచ్చిందని బయటికి తీసింది.

లోపలి నుంచి హొన్నమ్మ, "దీనికీ వాని పొగరే వచ్చినాదిలే," అంది. ఆ గొంతులో కోపం కంటే గర్వమే ఎక్కువ వినిపించింది.

పేరు ఎక్కించడమైతే అయిపోయింది, ఆఖరి మీట నొక్కడమే మిగిలింది. అమ్మ దీపం వెలిగించాక నాలుగున్నరకు నొక్కుతానంది పిల్ల. ఒకసారి నొక్కాక సీట్లు పంచే తర్వాతి రౌండుల్లో ఉన్న పేర్లు తీసేయొచ్చు, కిందామీదా చేయొచ్చు, కొత్తవి చేర్చడానికి మాత్రం లేదు. ఆ సంగతి ఆ ఇంట్లో చిన్నరంగప్పకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. మూడేళ్ల కిందట ఆ ముక్క ఆలస్యంగా తెలుసుకున్న మనిషి ఆయనే.

చెప్పాల్సిన మాట నాలుక చివరి దాకా వచ్చింది. "జీవాలకు నీళ్లు చూపిచ్చొస్తా," అని లేచి, తువ్వాలు తలకు చుట్టుకుని, బయటపడ్డాడు. పిరికివాడు నడిచినట్టే నడిచాడు, ఆ సంగతి ఆయనకే తెలుస్తోంది.

ఊరు దాటితే సోలారు ప్లేట్లే. చూపు ఆనినంత దూరం నీలం వరసలు, ఎండకు కళ్లు చెదిరిపోతాయి. మనిషి అలికిడి ఉండదు. గాలి ప్లేట్ల సందుల్లో దూరి సన్నగా రొద పెడుతుంది. చిన్నరంగప్ప చెనక్కాయ వేసిన అయిదెకరాలు అక్కడే ఎక్కడో వరసల కింద ఉన్నాయి. గట్లు పోయాయి, రేగుచెట్టు పోయింది, అయినా కంచె స్తంభాలు లెక్కపెట్టుకుని తన చేను ఏ వరస కింద ఉందో గుర్తుంచుకున్నాడు. నలభై రెండో స్తంభం నుంచి అరవయ్యో స్తంభం దాకా.

సీటు రాని ఈరేశ్ ఆ ప్లేట్లు కడిగే పనికే కుదిరాడు. పొడుగాటి కర్ర, చివర తడి బ్రష్షు. పదకొండు నెలలు కడిగాడు, అందులో తండ్రి చేను మీద పరిచినవీ ఉన్నాయి. కంచె బయట జీవాలను తోలుకుంటూ చిన్నరంగప్ప పోతుంటే లోపల వరసల మధ్య నుంచి చేయెత్తేవాడు. ఒకరోజు పని ముగించుకుని బైకు మీద ఇంటికి వస్తూ, మసక వెలుతురులో రోడ్డు మీద లైటు లేకుండా నిలబెట్టిన ట్రాక్టరు ట్రాలీని గుద్దుకున్నాడు. ఏ కాలేజీ హాస్టల్లోనైనా ఉండుంటే ఆ వేళకు ఆ రోడ్డు మీద ఉండేవాడు కాదు. ఈ లెక్క చిన్నరంగప్ప ఎన్నిసార్లు వేసుకున్నా ఒకటే వస్తుంది.

కంచె వెంట నడుస్తుంటే ప్లేటు ప్లేటుకూ ఒక మనిషి తనతో పాటు నడుస్తాడు. తలకు తువ్వాలు, చేతిలో కట్టె. అది తన నీడేనని ఆయనకు తెలుసు. కానీ నలభై రెండో స్తంభం దగ్గర తాను ఆగితే, అద్దంలోని మనిషి వెంటనే ఆగడు. ఇంకో రెండడుగులు వేసి అప్పుడు నిలుస్తాడు. వాడి తలకు తువ్వాలు ఉండదు. భుజం మీద ఉండేది కట్టె కాదు, పొడుగాటి కర్ర. మొదటిసారి చూసినప్పుడు ఎండదెబ్బ అనుకున్నాడు. తర్వాత అనుకోవడం మానేశాడు. పక్క దారిలో జీవాలను తోలుకుపోవచ్చు గానీ, తోలుకుపోడు. కొడుకును చూడటానికి ఇదొక్కటే తావు అయితే ఇట్లాగే చూస్తాను అనుకున్నాడు.

"ఏమిరా," అన్నాడు ఆ రోజు. "చెప్పమంటావా?"



ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు ఆయన. మూడేళ్ల కిందట ఈరేశ్‌ను వెంటబెట్టుకుని పావగడలో నందీష్ సైబరు సెంటరుకు పోయింది తానే. పిల్లవాడి చేతిలో కాగితం ఉంది. నందీష్ ఒక్కొక్క కాలేజీ పేరు కొడుతుంటే ఈరేశ్ పక్కన నిలబడి సరి చూస్తున్నాడు. "ఎన్నిరా?" అని అడిగాడు చిన్నరంగప్ప. "పన్నెండు నాయనా," అన్నాడు కొడుకు. చిన్నరంగప్పకు తల కొట్టేసినట్టయింది.

వాళ్ల కులంలో పెళ్లికి పిల్లను అడిగే పద్ధతి ఒకటుంది. ఒక ఇంటికి కబురు పంపితే, అవునో కాదో ఆ ఇల్లు తేల్చి చెప్పేదాకా ఇంకో గడప తొక్కకూడదు. ఒకేసారి రెండిళ్లలో అడిగిన మనిషికి రెండిళ్లూ తలుపులేస్తాయి, ఇంకో ఊళ్లో కూడా పిల్లనివ్వరు. చిన్నరంగప్ప తాత తమ్ముడు అట్లాగే చేసి, బ్రహ్మచారిగానే పోయాడని చెప్పుకుంటారు. అందుకే ఆయనకు కాలేజీలు కూడా గడపల్లాగే కనిపించాయి. "పన్నెండు గడపల్లో ఒకేసారి అడుగుతావేమిరా, అడుక్కునేవాళ్ల మాదిరి? పెద్దదాన్ని ఒకదాన్ని అడుగు. వాళ్లు కాదంటే రెండో రౌండులో ఇంగొకటి అడుగుదాం," అన్నాడు, నలుగురు వింటుండగా. నందీష్ కన్నడంలో ఏదో నచ్చజెప్పబోతే వాడి మీద కూడా అరిచాడు. భూమి ఉన్న మనిషికి ఆ మాత్రం రోషం ఉండాలని అప్పుడు గట్టిగా నమ్మాడు.

ఈరేశ్ ఒకసారి తండ్రి మొహంలోకి చూశాడు. ఎదురు చెప్పలేదు. "తీసేయన్నా," అన్నాడు నందీష్‌తో. పదకొండు పేర్లు ఒకదాని వెనక ఒకటి పోయాయి.

సీటు రాలేదని తెలిశాక, రెండో రౌండులో కొత్తవి అడగడానికి వీల్లేదని తెలిశాక, తల్లి ముందు నిలబడి వాడు 'నేనే రాసినా' అన్నప్పుడు చిన్నరంగప్ప ఇదే వసారాలో, ఇట్లాగే తాడు పేనుతూ కూర్చున్నాడు. రేపు చెప్దాం అనుకున్నాడు. ఊరు 'పొగరుబోతు పిల్లోడు' అంటుంటే, సద్దుమణిగాక చెప్దాం అనుకున్నాడు. ఆ తర్వాత చెప్పినా వినాల్సినవాడు లేకుండా పోయాడు.

ఒక గొర్రె కంచెకు ఒళ్లు రాసుకుంది. చిన్నరంగప్ప తలెత్తి చూశాడు. నలభై రెండో స్తంభం ఎదుట ప్లేటులో వాడు నిలబడే ఉన్నాడు. కానీ ఈసారి ఒక్కడే లేడు. వాడి పక్కన ఇంకో ఆకారం ఉంది. సన్నటి మనిషి, వీపు మీద జడ, భుజాన కర్ర.

ఎంతసేపు చూశాడో తెలియదు. వెనక్కి తిరిగి చూస్తే గడ్డీ, గొర్రెలూ తప్ప ఏమీ లేవు. అవతల తన జీవాలను మేపుకుంటున్న నల్లప్పను కేకేసి, "ఈటిని రోంత చూడప్పా!" అని, జవాబు కూడా వినకుండా ఇంటి దారి పట్టాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, చెప్పు తెగిపోతే అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

ఇంట్లోకి వచ్చేసరికి గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది. ధనుశ్రీ నడవలోనే ఉంది. హొన్నమ్మ దీపంలో నూనె పోస్తోంది.

"ఈరేశు ఒకటి రాయలేదు," అన్నాడు గడపలోంచే.

ఇద్దరూ చూశారు.

"పన్నెండు రాసుకొనొచ్చినాడు. పదకొండు తీయించినోణ్ణి నేను."

"ఎండ తగిలినట్టుండాది. కూర్చో, మజ్జిగ ఇస్తా," అంది హొన్నమ్మ.

"ఎండ కాదు." గోడకు చేరగిలబడి మొత్తం చెప్పాడు. నందీష్ సెంటరు, గడపల మాట, తన అరుపు, పిల్లవాడి చూపు, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ గూట్లోని ఫోను వైపు చూడలేకపోయాడు.

హొన్నమ్మ చేతిలో నూనె గిన్నె కింద పెట్టింది. "మరి వాడెందుకు నేనే అన్నాడు?"

"నన్ను ఎవరూ ఏమీ అనకూడదని."

"నువ్వెందుకు గమ్మునుండినావు?"

"మొదట సిగ్గు. వాడు పోయినంక భయం."

ఆమె అరవలేదు. అరిచి ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేది. "రెండేండ్లు," అంది మెల్లగా. "దినమూ నా నోటితో వాణ్ణి తిట్టించినావు. దీపం పెట్టే తావున. నువ్వు ఈడనే కూర్చొని విన్నావు." అని, ఉన్నచోటనే చతికిలబడింది.

ధనుశ్రీ మొహం ఎర్రబడింది. "అబద్ధం," అంది. "నాతో పన్నెండు రాయిచ్చేదానికి అబద్ధం చెప్తాండావు నాయనా. అన్న మీద పెట్టి చెప్పొద్దు."

చిన్నరంగప్పకు ఈ మాట ఊహలో కూడా లేదు. మూడేళ్లు దాచిన నిజం తీరా బయటపెడితే, నమ్మే దిక్కు లేదు. "మీ అన్న మీద ఒట్టమ్మా," అన్నాడు. పిల్ల తల అడ్డంగా ఊపి, ఫోను చేతిలోకి తీసుకుంది. వేలు మీట మీదికి పోతోంది.

"ఉండు," అంది హొన్నమ్మ.

లేచి గూట్లోంచి కొడుకు ఫోను తీసింది. చార్జరు ఊడబీకి, వాడు నేర్పినట్టే వేలితో గీత గీసి తెరిచింది. వాడి ఫోటోలు చూసుకోవడానికి దినమూ తెరుస్తుంది ఆమె. ఒక్కొక్క ఫోటో పక్కకు జరుపుతూ పోయి, ఒక చోట ఆగింది.

"దీంట్లో ఒక కాయితం ఉండాది. సంత పట్టీ అనుకొంటి నేను. చదువు పాపా."

ధనుశ్రీ తీసుకుంది. గీతల నోటుపుస్తకంలోంచి చించిన కాగితం ఫోటో, ఈరేశ్ కుదురైన రాత. పైన రాతి కాలేజీ, దాని కింద ఇంకో రెండు. ఒక గీత ఖాళీ. తర్వాత తుమకూరు, దావణగెరె, ఇంకో మూడు. మళ్లీ ఒక గీత ఖాళీ. ఆ కింద నాలుగు, చళ్లకెరె వాటిలో ఒకటి. శ్రీనివాస సారు ఇచ్చిన కాగితం ఎట్లా ఉందో ఇదీ అట్లాగే ఉంది. ఆ నాలుగింటి పక్కన ఒక బ్రాకెట్టు గీసి, కన్నడంలో చిన్నగా రాసుకున్నాడు, 'వీటిలో ఏదో ఒకటి తప్పకుండా వస్తుంది, అమ్మకు చెప్పాలి.'

ధనుశ్రీ పైకి చదివింది.

"అన్నకూ భయముండె," అంది. "నా మాదిరే భయముండె." మూడేళ్లుగా మనసులో మోసుకొచ్చిన అన్న ఒకడైతే, కాగితంలో ఉన్న అన్న ఇంకొకడు. ఈ రెండోవాడే తన అన్న అని ఆమెకు అప్పుడు తెలిసింది. మోకాళ్లలో మొహం పెట్టుకుని ఏడ్చింది. చిన్నరంగప్ప దగ్గరికి పోబోయి ఆగిపోయాడు. దగ్గరికి తీసుకునే హక్కు తనకు ఇంకా ఉందో లేదో తెలియలేదు.

గడియారం నాలుగు దాటింది. హొన్నమ్మే కూతురి వీపు మీద చెయ్యి వేసి, "ఏడ్చేది తర్వాత. ముందు రాయి," అంది.

ధనుశ్రీ మొహం తుడుచుకుని, నలిగిన కాగితం మోకాలి మీద పరిచి సాపు చేసింది. ఒక్కొక్క పేరూ ఎక్కించింది. రాతి కాలేజీని పై నుంచి తీసేయలేదు. దాని కింద రెండు, ఆ కింద అయిదు, ఆ కింద నాలుగు. నెట్టు రెండుసార్లు ఆగింది, రెండుసార్లూ మళ్లీ వచ్చింది.

"పన్నెండు గడపలు నాయనా," అంది చివరికి, తండ్రి వైపు చూడకుండా. "నొక్కేదా?"

"పదమూడోది ఉంటే అదీ రాయి తల్లీ," అన్నాడు చిన్నరంగప్ప.

నొక్కింది. గూటి పక్కన, ధనుశ్రీ చదివాక హొన్నమ్మ తీసుకుని కింద పెట్టిన ఫోనులో, పిట్ట రెండుసార్లు కూసింది. హొన్నమ్మ లేవలేదు. భర్త వైపు చూసింది. చిన్నరంగప్పకు అర్థమైంది. రెండేళ్లలో ఆ ఫోను ఆయన ముట్టుకున్నది లేదు. రీచార్జికి నంబరు చెప్పేవాడే తప్ప చేతితో తాకేవాడు కాదు. ఇప్పుడు వంగి తీసుకున్నాడు. వెచ్చగా ఉంది, ఎవరో అంతవరకూ చేతిలో పట్టుకుని ఇచ్చినట్టు. ఆరు అంకెలు. నాలుగో అంకె దగ్గర తడబడి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. నాలుగూ ఇరవై ఏడుకు పని అయిపోయింది.

అప్పుడు చిన్నరంగప్ప అడిగాడు. రెండేళ్లుగా కంచె దగ్గర అడిగీ అడిగీ జవాబు రాని ప్రశ్న అది.

"పాపా. ఆ పదకొండు నేను తీయకుండా ఉంటే, వానికి ఏదైనా వచ్చుండునా?"

ధనుశ్రీ ఫోనులో పాత ఏళ్ల పట్టికలు ఉన్నాయి, ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటు దొరికిందో చూపేవి. అన్న రాసిన ఏడాదిది తెరిచింది. అన్న ఫోనులోని కాగితం పక్కన పెట్టుకుని పై నుంచి వేలితో వెతుక్కుంటూ వచ్చింది. ఒక చోట వేలు ఆగింది. అక్కడే చాలాసేపు ఉంది.

"ల్యా నాయనా," అంది. "ఏదీ వచ్చుండదు. ఆ ఏడు అన్నీ పైనే ఆగిపోయినాయి."

మూడేళ్ల కిందట ఇదే నడవలో కొడుకు అన్న మాటలో ఏ మెత్తదనం ఉందో ఈ మాటలోనూ అదే ఉంది. చిన్నరంగప్ప ముందుకు వంగి, ఆమె వేలు ఆగిన చోట తన వేలు పెట్టాడు. అక్షరాలు రావు గానీ అంకెలు వస్తాయి. అక్కడ ముప్పై ఎనిమిది వేల చిల్లర ఉంది. ఈరేశ్ ర్యాంకు ముప్పై ఒక్క వేల నాలుగు వందల ఆరు. ఆ అంకె ఆయన నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. చిన్న అంకె వాడికే సీటని నందీష్ సెంటరులోనే నేర్చుకున్నాడు.

"ఇది ఎన్నోదమ్మా?"

"నాయనా..."

"వాడు నాకోసం చెప్పిన అబద్ధం ఒకటి చాలు. నువ్వు చెప్పొద్దు."

ధనుశ్రీ కళ్లలో నీళ్లు మళ్లీ తిరిగాయి. "ఏడోది," అంది.

ఏడోది. చిన్నరంగప్ప తల ఊపాడు. ఏడుపు వస్తుందనుకున్నాడు, రాలేదు. ఇన్నాళ్లూ అయ్యుండొచ్చు, కాకపోయుండొచ్చు అని సందు ఒకటి ఉండేది. తల దాచుకోవడానికి ఇప్పుడు అదీ లేదు.

తెల్లవారి దీపం పెట్టే వేళకు హొన్నమ్మ గూటి ముందు నిలబడి, ఫోను తుడిచి, చార్జరు చేతిలోకి తీసుకుంది. అలవాటు కొద్దీ నోరు తెరిచింది. 'ఎంత పొగరు' అన్నంత మేరకు పెదవులు కదిలాయి. అంతటితో ఆగిపోయింది. కొడుకుతో మాట్లాడుకోవడానికి ఆమెకున్న ఒక్క మాటా నిన్న పోయింది.

వెనక్కి తిరిగి, వసారాలో ఉన్న భర్తను చూసింది. వైరు ఆయన వైపు చాపింది.

"ఇంగ దినమూ నువ్వే పెట్టు. నువ్వే మాట్లాడు."

చిన్నరంగప్ప లేచి వచ్చాడు. వైరు తగిలించాడు. నల్లటి అద్దంలో ఒక మొహం కనిపించింది. అది తనదేనా అని ఒక్క క్షణం చూశాడు. తాను కదలకుండా నిలబడితే అదీ నిలబడింది, రెండడుగులు ముందుకు పోలేదు. అప్పుడు నోరు తెరిచాడు.

"పన్నెండూ రాసినాది నాయనా, నీ చెల్లెలు," అన్నాడు. "నీది ఏడోది వచ్చుండును. తీయించినోణ్ణి నేను. నీకు పొగరు ల్యా. నాకుండె."

"గట్టిగా," అంది హొన్నమ్మ వెనక నుంచి. "వాణ్ణి పొగరుబోతు అన్నినాళ్లూ ఊరంతా గట్టిగానే అన్నారు."

చిన్నరంగప్ప వసారాలోకి వచ్చాడు. వీధిలో పొద్దున్నే జీవాలు కదులుతున్నాయి, ఇద్దరు ఆడవాళ్లు బిందెలతో పోతున్నారు. మెట్టు మీద నిలబడి, అదే మాట మొదటి నుంచి పెద్దగా చెప్పడం మొదలుపెట్టాడు. గొర్రెలను తోలుకొస్తున్న నల్లప్ప కట్టె నేలకు ఆనించి ఆగాడు.